ఇంకొంచెం తొక్కు

మార్లీన్ మొగుడు లెన్ సోబ్చాక్‌కి పుట్టుకతోనే ఒక జబ్బుంది. దానికి ఏ వైద్యుడూ పేరు పెట్టలేదు గానీ, ముప్ఫయ్యారేళ్లుగా కాపురం చేస్తున్న మార్లీన్ పెట్టింది: కాగితపు జబ్బు. కొత్త వస్తువు ఏది ఇంటికొచ్చినా అట్టపెట్టె కోసి ముందుగా లోపలి కాగితం తీస్తాడు, అదేదో పురుగైనట్టు రెండు వేళ్లతో పట్టుకుని ఉండచుట్టి చెత్తబుట్టలోకి విసురుతాడు, ఆ తర్వాతే అసలు వస్తువుకేసి చూస్తాడు. బట్టలుతికే మిషనుకీ అదే మర్యాద, మనవరాలి ఉయ్యాలకీ అదే, రక్తపోటు మాత్రల సీసాకీ అదే. అడిగితే, "ఆ కాగితం రాసినవాడు జన్మలో రెంచి పట్టుకుని ఉండడు," అంటాడు. అతను గరాజులోకి వెళ్లాక మార్లీన్ చెత్తబుట్టలోంచి ఆ ఉండ తీసి, టేబులు మీద అరచేత్తో సాపుచేసి, వంటింటి మూడో సొరుగులో పెడుతుంది. ముప్ఫయ్యారేళ్ల కాగితాలున్నాయి అందులో, తొంభై ఒకటిలో చచ్చిపోయిన టోస్టరు కాగితంతో సహా. ఇంట్లో ఒకరికైనా బుద్ధి ఉండాలి కదా అని ఆమె ఉద్దేశం. ఆ కాగితాల్లో ఒక్కటైనా ఆమె మాత్రం చదివిందా అని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, అదొక అదృష్టం.

ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటింది, ఆగస్టు ఎండ, డ్రైవ్‌వేలో ఆకుపచ్చ షెవెల్ కారు, దాని డ్రైవరు సీట్లో మార్లీన్, యాక్సిలరేటరు మీద ఆమె కుడి పాదం. బానెట్ లేచి ఉంది కాబట్టి ముందు ఆకాశం లేదు, ఎదురిల్లు లేదు, పచ్చ రేకు ఒక్కటే ఉంది. రేకుకీ అద్దానికీ మధ్య నాలుగు వేళ్ల సందులోంచి లెన్ పొట్ట, చొక్కా గుండీ, అప్పుడప్పుడూ ఒక మోచెయ్యి కనిపిస్తున్నాయి. "ఇంకొంచెం తొక్కు," అంటుంది ఆ పొట్ట. ఆమె తొక్కుతుంది. సీటు వణుకుతుంది, అద్దానికి వేలాడే జపమాల వణుకుతుంది, పొద్దున తిన్న క్యాబేజీ చుట్టలు కడుపులో వణుకుతాయి, ఎనిమిది సిలిండర్ల గుర్రుమనే చప్పుడు బండి అడుగు రేకులోంచి కాళ్లలోకి ఎక్కుతుంది. ఆ గుర్రు మీద, సన్నగా, తెంపు లేకుండా, టిక్ టిక్ టిక్ టిక్. అదిగో. తొక్కితే తొందరపడుతుంది, వదిలితే నెమ్మదిస్తుంది. ఎవరో ముసలావిడ ఇంజనులో కూచుని స్వెట్టరు అల్లుతున్నట్టుంది. పోయిన శనివారం దాకా ఆ ముసలావిడ లేదు. పోయిన శనివారమే లెన్ దీని ముక్కు మార్చాడు. ఇన్‌టేక్ మేనిఫోల్డు అనాలట, మార్లీన్ ముక్కు అంటుంది, బండి గాలి పీల్చేది దాంతోనే కాబట్టి. నలభై ఏళ్ల పాత ఇనప ముక్కు తీసేసి తళతళలాడే అల్యూమినియం ముక్కు పెట్టాడు, రెండు నోళ్ల కార్బ్యురేటరు తీసేసి నాలుగు నోళ్లది పెట్టాడు. "ఇప్పుడు చూడు దీని ఊపిరి!" అని బిగించిన సాయంత్రం చిన్నపిల్లాడిలా గంతులేశాడు. ఊపిరి బాగానే ఉంది. టిక్ టిక్ కూడా బాగానే ఉంది. "చప్పుడేంటి?" అని ఆమె ఆదివారం అడిగింది, సోమవారం అడిగింది. "ఏం చప్పుడు? చప్పుడేం లేదు. నీ చెవుల్లో ఉంది," అన్నాడు.

నీ చెవుల్లో. ఆ మాట అనగలిగాడు చూడు. లెన్ సోబ్చాక్ చెవులంటే ఈ వీధికి వైద్యశాల, ఎవరి బండి దగ్గినా తుమ్మినా ఈ డ్రైవ్‌వేలోకే వచ్చేది. అతను కళ్లు మూసుకుని, పొడుగు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించి, కాసేపు చర్చిలో ఉన్నట్టు నిలబడి, "మూడోదాంట్లో వాల్వు," అనేవాడు, విప్పితే మూడోదాంట్లో వాల్వే ఉండేది. అసలు ఆమె పెళ్లే ఆ చెవుల వల్ల. డెబ్బయ్యారులో, చర్చి బయట, పూజ అయ్యాక, ఒక పొడుగాటి కుర్రాడు మార్లీన్ నాన్న దగ్గరికొచ్చి, "సార్, మీ వెనక ఎడమ చక్రం బేరింగు పోతోంది, మీరు లోపలికొస్తున్నప్పుడు విన్నాను," అన్నాడు, నాన్న నవ్వాడు, కుర్రాడు ఎర్రబడ్డాడు, రెండు వారాలకి చక్రం పోయింది, మూడో వారం నాన్న ఆ కుర్రాణ్ణి భోజనానికి పిలిచాడు. బేరింగు చప్పుడు వినగలిగినవాడు పెళ్లాం మాట కూడా వింటాడనుకుంది పంతొమ్మిదేళ్ల మార్లీన్. పంతొమ్మిదేళ్లప్పుడు ఎవరైనా ఏదైనా అనుకుంటారు.

"వదులు," అంది పొట్ట. వదిలింది. "ఇప్పుడు ఒక్కో ప్లగ్గు తీగా పీకుతాను, మారిందేమో చూడు," అన్నాడు లెన్. దాని సంగతి ఆమెకి తెలుసు, ఇన్నేళ్లు ఈ సీట్లో ఊరికే కూచోలేదు: కింద కడ్డీ బేరింగు పోయి ఉంటే, ఆ సిలిండరు తీగ పీకగానే చప్పుడు మెత్తబడుతుంది. మెత్తబడితే ఇంజను పని అయిపోయినట్టే. ఒక తీగ పీకాడు, బండి కుంటింది, టిక్ టిక్ అలాగే ఉంది. "ఏమైనా మారిందా?" "లేదు." "ఆఁ, నాకూ మారలేదు." దాన్ని మళ్లీ తగిలించి, రెండో తీగ. "మారిందా?" "లేదు." "ఆఁ, లేదు." మూడో తీగ. నాలుగోదానికి గానీ మార్లీన్‌కి వెలగలేదు, వెలగ్గానే పాదం చల్లబడింది, యాక్సిలరేటరు మీద ఉన్న పాదం, ఆగస్టు ఎండలో. ముందు ఆమెని అడుగుతున్నాడు. ఆమె చెప్పాక తనకీ అంతే అంటున్నాడు. ఒక్కసారి కూడా తను ముందు చెప్పలేదు. పరీక్ష బండికి కాదు జరుగుతున్నది, పక్కవాడి కాగితం చూసి రాస్తున్నాడు లెన్ సోబ్చాక్.

ఐదో తీగకి ఆమె ఊరికే, చిన్న కొంటెతనానికి, లేక అంతకంటే పెద్ద భయానికి, "కొంచెం మారినట్టుంది," అంది. ఏమీ మారలేదు. "అవును," అన్నాడు లెన్ వెంటనే, "కొంచెం మెత్తబడింది." అయ్యో. ఎందుకన్నాను అనుకుంది. ఇక కింద బేరింగే పోయిందంటాడు, ఇంజను దించుతానంటాడు. "కాదు కాదు, పొరపాటు, మారలేదు," అంది. "ఆఁ, అదే, మారలేదు," అన్నాడు, అదే గొంతుతో.

పక్కింటి గడ్డిలో మడతకుర్చీ కిర్రుమంది. గస్ ప్రూచెక్. లెన్‌తో పాటు ముప్ఫయ్మూడేళ్లు కార్ల ఫ్యాక్టరీ ప్రెస్‌షాపులో, చెవులు చిల్లులుపడే చప్పుడులో, రేకులు నొక్కినవాడు. ఇక్కడ గరాజు తలుపు పైకెత్తి ఉంటే రమ్మని పిలిచినట్టే, ఎత్తిన బానెట్ అయితే మరీ, గస్ రెండింటికీ ఎప్పుడూ ఆలస్యం చెయ్యడు. "ఒరేయ్ లెన్, నీ బండి కుట్టుమిషను ఏమైనా మింగిందా?" అని అరిచాడు. లెన్ తలెత్తాడు, గస్ ముఖంలో నవ్వు చూసి, ఒక అరక్షణం తర్వాత తనూ నవ్వాడు. ఆ అరక్షణం. మార్లీన్‌కి మూడేళ్లుగా పరిచయం ఆ అరక్షణం. జోకుకి అందరూ నవ్వాక నవ్వడం. ఫోను మోగితే బాత్రూములో ఉండటం. చర్చిలో ఆమె కుడివైపు నుంచి ఎడమవైపుకి మారి కూచుంది, అతని మంచి చెవి ఆ వైపని, ఎందుకు మారిందో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. టీవీ ధ్వని ఎన్ని గీతలు పెంచాడో ఆమె లెక్కపెట్టడం మానేసింది, బదులుగా తను వంటింట్లో ఉండటం నేర్చుకుంది. పోయినేడు డాక్టరు గదిలో నర్సు, "రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని అడిగితే, "రెండు కప్పులే, పాలు లేకుండా," అన్నాడు లెన్ హుందాగా, నర్సు కళ్లు ఎగరేసింది, మార్లీన్ నవ్వి, "కాఫీ తగ్గించాడు, అందుకే నిద్ర పడుతోంది," అని రెండు మాటల్నీ ఒక కుట్టుతో కలిపేసింది. ఎంత బాగా కుట్టిందంటే ఆ రోజు తనకే ముచ్చటేసింది.

"చప్పుడు కిందనుంచే రా," గస్ కుర్చీలోంచే తీర్పు చెబుతున్నాడు. "రేపు ఊరేగింపులో సగం దారిలో కడ్డీ బయటికొచ్చి నీకు చెయ్యూపుతుంది చూడు. మార్లీన్, నువ్వు వెనక సీట్లో కూచో, ముందు సీటు ప్రమాదం."

"నోరు ముయ్యి గస్, బీరు తాగు," అంది ఆమె కిటికీలోంచి.

రేపు. రేపు ఆగస్టు మూడో శనివారం, ఊళ్లో ఉన్న పాత బండ్లన్నీ పెద్ద రోడ్డు మీద బారులు తీరే రోజు, పొద్దున ఎనిమిదికి బయల్దేరి ముప్ఫై మైళ్లు పోవాలి, పక్కన ఆమె కూచోవాలి. ఇంజనుకి ఏదైనా అయితే అయింది, ఇంజన్లు మళ్లీ కట్టుకోవచ్చు, లెన్ ఈ బండికి ఇప్పటికే రెండుసార్లు కట్టాడు. ఆమె భయం ఇంజను గురించి కాదు. అంతమంది జనంలో, నలుగురు బానెట్ చుట్టూ మూగి, "లెన్, ఈ టిక్ టిక్ ఏంటో నువ్వు చెప్పాలి," అంటే, అతను స్క్రూడ్రైవరు తీసి ఎముకకి ఆనించి కళ్లు మూసుకుని, తప్పు చెబుతాడు. వాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుంటారు. అతను ఆ చూపు చూస్తాడు. చెవులు పోయినవాళ్ల కళ్లు మహా చురుకు. ఆ తర్వాత బేస్‌మెంటు. అతని నాన్న కూడా ప్రెస్‌షాపే, ఆయనకీ చెవులు పోయాయి, ఒక ఈస్టరు భోజనం దగ్గర అందరూ ఆయన మాటకి ఎందుకో పగలబడి నవ్వారు, మర్నాడు ఆయన తన కుర్చీ తనే మోసుకుని బేస్‌మెంటులోకి దిగాడు, పదకొండేళ్లు తిండికి తప్ప పైకి రాలేదు. ఆ కుర్చీ ఇంకా కిందే ఉంది. గోధుమరంగు, చేతుల దగ్గర అరిగిపోయి. మార్లీన్ దాన్ని ఎన్నిసార్లు పారేయమన్నా, "ఉండనీ, గట్టి కుర్చీ," అంటాడు లెన్. ఎందుకు ఉండనీ?

"ఇంకొంచెం తొక్కు." తొక్కింది. సందులోంచి ఇప్పుడు స్క్రూడ్రైవరు కనిపించింది, పిడి అతని చెవి వెనక, మొన ఆ తళతళలాడే ముక్కు మీద. కళ్లు మూసుకున్నాడు. ఆ ముఖం ఆమెకి ఎంత తెలిసిన ముఖం, వింటున్న ముఖం, మరి ఇప్పుడు దాని లోపల ఏముంది? ఒట్టి వణుకు. ఎముకలో వణుకు మాత్రం తగులుతూ ఉంటుంది. మొన ఒక బోల్టు మీదినుంచి ఇంకో బోల్టు మీదికి జరిగింది. పాత బోల్టులు. నల్లగా, గ్రీజు మురికితో, కొత్త వెండి ముక్కు మీద పేరంటానికి పని బట్టల్లో వచ్చినట్టు. శనివారం ఆ మాటే అంది కూడా, "దీనికి కొత్త బోల్టులు తేలేదా?" అని. "పెట్టెతో పాటే వచ్చాయి, ఒక చిన్న సంచి, భోజనాల టేబులు మీద పెట్టాను, చూశావా?" అన్నాడు. "నేనేం సంచీ చూడలేదు. కాగితంతో పాటు నువ్వే పారేసి ఉంటావు," అంది. అతను చెత్తబుట్ట బోర్లించి వెతికాడు, మోకాళ్ల మీద, గరాజు నేలంతా వెతికాడు, చివరికి, "పోనీలే, పాతవి బంగారంలా ఉన్నాయి," అని వాటినే శుభ్రం చేసి బిగించాడు. కాగితంతో పాటు నువ్వే. ఎంత ధీమాగా అంది ఆ మాట. కాగితంతో పాటు.

ఆ ముక్కు వచ్చిన పెట్టె కొయ్యకుండానే మూడు నెలలు భోజనాల టేబులు మీదే ఉంది. అక్క వస్తోందని ఆమె టేబులు ఖాళీ చేసింది. ఆ రోజే అతను పెట్టె కోశాడు, బరువు కాబట్టి తనే మోసుకుపోయాడు గరాజులోకి, టేబులు మీద మిగిలింది ఏంటి? ఉండచుట్టిన కాగితం చెత్తబుట్టలో. దాన్ని తీసింది, సాపుచేసింది. టేబులు మీద ఇంకేదో ఉంది, చిన్నది, బరువుగా, గలగలమంది. కాగితం తాలూకుదే కదా అని కాగితంలో చుట్టి, బుద్ధిగా, ఇంట్లో ఒకరికైనా బుద్ధి ఉండాలి కాబట్టి,

పాదం యాక్సిలరేటరు మీద గట్టిగా పడింది, ఎనిమిది సిలిండర్లూ ఒక్కసారి గర్జించాయి, గస్ కుర్చీలోంచి లేచాడు. "ఏయ్, ఏయ్!" అన్నాడు లెన్. "కొంచెం అన్నాను!"

"బాత్రూముకెళ్లాలి," అంది మార్లీన్, తలుపు తీసుకుని దిగింది.

మూడో సొరుగు ఎప్పటిలా సగంలో ఇరుక్కుంది, టోస్టరు కాగితం మూల అడ్డుపడి. లాగింది. పైనే ఉంది. అక్క వచ్చిన రోజు నాటి మడత, మడతలో ప్లాస్టిక్ సంచి, సంచిలో కొత్త బోల్టులు, వెండివి, పొట్టివి, ఎంత పొట్టివంటే వాటిని చూడగానే తనకే అర్థమైపోయింది, చదవక్కర్లేదు, అయినా చదివింది, ముప్ఫయ్యారేళ్లలో మొదటిసారి, నిలబడే, సింకుకి ఆనుకుని. లావు అక్షరాల్లో రాసి ఉంది: పాత బోల్టులు వాడరాదు, ఈ మేనిఫోల్డు అంచు పలచన, పాతవి పొడవెక్కువై లోపలికి చొచ్చుకుపోయి, పైకీ కిందికీ ఆడే పుష్‌రాడ్లకి, అంటే వాల్వులు తెరిచే సన్న కడ్డీలకి, తగలవచ్చు. తగలవచ్చు. టిక్ టిక్ టిక్. వంటింటి కిటికీలోంచి కూడా వినబడుతోంది ముసలావిడ అల్లిక. ఇంకా ముప్ఫై మైళ్లు అలా రాసుకుంటూ పోతే ఆ సన్న కడ్డీ ఏమవుతుందో కాగితం రాయలేదు, ఆమెకి రాయక్కర్లేదు.

సంచి మాట చెప్పేస్తే లెన్ గెలుస్తాడు. ఊరికే గెలవడు, వీధి వీధంతా గెలుస్తాడు. తప్పు పెళ్లాం సొరుగుది, తన చెవులది కాదు. చెవుల మాట ఇంకో మూడేళ్లు వెనక్కి పోతుంది, ఆమె ఇంకో మూడేళ్లు కుడుతూ ఉండాలి. చెప్పకపోతే? సంచిని గరాజు మూలన జారవిడిచి, "అరె, ఇదేంటి లెన్, ఇక్కడుందే," అనొచ్చు. ఎంత తేలిక. నర్సు దగ్గర కుట్టినంత తేలిక. తన చెయ్యి ఆ పనికి ఎంత అలవాటు పడిందో మార్లీన్‌కి అప్పుడు కనిపించింది. అతను వినడం మానేసింది చెవులు పోయినందుకా, లేక వినాల్సినవన్నీ తనే అతనికి ముందే నమిలిపెట్టినందుకా? ఆ బేస్‌మెంటు మెట్లు, ఒక్కోటి ఒక్కోటిగా, ఎవరు తుడిచి సిద్ధంగా ఉంచుతున్నారు?

బయటికొచ్చింది. ఇంజను మెల్లగా తిరుగుతోంది, లెన్ వీపు ఇటు, తల బానెట్ కింద. సంచి పట్టుకుని అతని వెనక నిలబడి, చాలా మెల్లగా, చర్చిలో పాపం ఒప్పుకున్నంత మెల్లగా, "లెన్, తప్పు నాదే," అంది. వీపు కదలలేదు. "లెన్. బోల్టులు నా దగ్గరే ఉన్నాయి. నేనే సొరుగులో పెట్టాను." వీపు. మనసులో ఒక చిన్న గొంతు, చెప్పావు కదా, రెండుసార్లు చెప్పావు, చాల్లే, అంది. ఆ గొంతుని మార్లీన్ బాగా ఎరుగును. ఊపిరి పీల్చి, నాలుగు నోళ్ల కార్బ్యురేటరు పీల్చినంతగా, అరిచింది. "తప్పు నాదే! నీ బోల్టుల సంచి నేనే దాచేశాను! పాతవి పొడవెక్కువ! అవే లోపల కొట్టుకుంటున్నాయి!"

ఎదురింటి కుక్క మొరిగింది. గస్ బీరు డబ్బా మెల్లగా కుర్చీ చేతి మీద పెట్టి, గట్టిగా చప్పట్లు కొట్టాడు. "ముప్ఫయ్యారేళ్లకి! లెన్, ఈ రోజు తారీఖు రాసిపెట్టుకోరా!"

లెన్ తిరిగాడు. సంచి చూశాడు, కాగితం చూశాడు, ఒక బోల్టు తీసి వేళ్ల మధ్య పట్టుకుని దాని పొడవు చూశాడు, చాలాసేపు. ఇప్పుడు నవ్వుతాడు, అనుకుంది ఆమె. చూశావా నా చెవులు, అంటాడు. సిద్ధపడి నిలబడింది. అతను ఆమెని దాటి వెళ్లి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. ముసలావిడ అల్లిక ఆగింది. వీధి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పుడు తెలిసింది, ఎక్కడో గడ్డి కోసే మిషను, ఇంజను చల్లారుతూ చేసే చిటపటలు.

"ఎలా ఉంటుంది?" అన్నాడు లెన్.

"ఏది?"

"ఆ చప్పుడు." స్క్రూడ్రైవరు ఇంకా చేతిలోనే ఉంది, దాని పిడిని బొటనవేలితో రుద్దుతున్నాడు. "వారంరోజులుగా అందరూ అంటున్నారు. ఎలా ఉంటుందది?"

మార్లీన్ నోరు తెరిచింది, కుట్టడానికి కాదు. వేలిగోరుతో బానెట్ రేకు మీద కొట్టి చూపించింది. టిక్ టిక్ టిక్ టిక్. అతను ఆమె గోరుకేసి చూశాడు, చెవితో కాదు, కళ్లతో, నుదురు ముడిచి. తర్వాత తన అరచెయ్యి తెచ్చి రేకు మీద, ఆమె వేలి పక్కన, పరిచాడు. "మళ్లీ కొట్టు." కొట్టింది. "ఆఁ," అన్నాడు.

గస్ తన బూట్లకేసి చూసుకున్నాడు. లెన్ జేబులోలాగే అతని చొక్కా జేబులోనూ ముప్ఫయ్మూడేళ్లు, ప్రెస్సుల చప్పుడుకి చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన రబ్బరు బిరడాలు ఉండేవి, చెవుల్లో కాదు, జేబులో.

"నాకు వినపడలేదు, మార్లీన్," అన్నాడు లెన్. అందరికీ వినపడేంత గట్టిగానే అన్నాడు, తన గొంతు ఎంత గట్టిగా ఉందో అతనికి తెలియదు. "ఒక్కసారి కూడా. స్క్రూడ్రైవరు పెట్టినా వినపడలేదు. నీ చెవుల్లో ఉందన్నాను చూడు, ఆ మాట తప్పు. తప్పు నాదే."